ఇసుకలో దిద్దిన అక్షరాలు: 1823లో మన సీమ బడులు

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాయమని కమిటీ మిత్రులు అడిగినారు. జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. గంట కొట్టిన అటెండరు దగ్గర నుంచి చింతచెట్టు కింద పరీక్షల దాకా వాళ్లు నాకంటే బాగా రాస్తారు. చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కాబట్టి నేను ఒక పాత బాకీ తీర్చుకుంటాను.

ముప్పై ఏళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు లేచి అడిగినాడు: "సార్, ఇంగ్లీషువాళ్లు రాకముందు మన పక్క బడులు ఉండేవా?" నేను పుస్తకంలో ఉన్నదే చెప్పినాను. ఏవో వీధి బడులు ఉండేవి, అవి లెక్కలోకి రావు, చదువంటే మెకాలే తరవాతే అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ జవాబు తప్పని కొన్నేళ్లకు తెలిసింది. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. వాడిప్పుడు ఈ సంఘంలో సభ్యుడే. చదువుతాడనుకుంటున్నాను.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినాడు. దత్తమండలాలనే పేరు అలా వచ్చింది. 1807 దాకా వాటికి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1808లో దత్తమండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విడదీసినారు. ఈనాటి అనంతపురం ప్రాంతంలో ఎక్కువ భాగం 1882 వరకు బళ్లారి జిల్లాలోనే ఉండేది. కాబట్టి పాత కాగితాల్లో 'బళ్లారి' అని కనిపిస్తే అది పక్క రాష్ట్రం సంగతని పుట తిప్పేయకండి, అది మన ఇంటి సంగతే.

మన్రో 1820లో మద్రాసు గవర్నరయినాడు. 1822 జూన్‌లో అన్ని జిల్లాల కలెక్టర్లనూ వివరాలు అడిగినాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, ఏ కులాలవాళ్లు, ఏ పుస్తకాలు, ఫీజు ఎంత, సర్కారు సాయం ఏమైనా ఉందా? బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1823 ఆగస్టు 17న జవాబు పంపినాడు. ఇతను కేవలం పన్నుల అధికారి కాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం రాసి అచ్చు వేయించినవాడు. చాలామంది కలెక్టర్లు అంకెలు నింపి ఊరుకుంటే, ఇతను బడి లోపలికి తొంగిచూసి రాసినాడు.

ముందు అంకెలు చూద్దాం. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది. అంటే బడికి పన్నెండు మంది, జనాభాలో వెయ్యికి ఏడుగురు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, మరాఠీవి 23, పారసీవి 21, తమిళానివి 4. బ్రాహ్మణ విద్యార్థులు మాత్రమే శాస్త్రాలు చదివే చోట్లు 23. ఇంగ్లీషు నేర్పేది ఒకే ఒక్క బడి. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, సంతలో రెండూ కలిపి మాట్లాడే మన బెళుగుప్ప పక్క మనుషులకు ఈ తెలుగు, కన్నడ లెక్క ఆశ్చర్యం కలిగించదు.

హిందూ మగపిల్లలు 6,338 మంది. వారిలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవాళ్లు 1,174. చివరి రెండు లెక్కలు కలిపితే మూడింట రెండు వంతులు. చదువు పై రెండు కులాల సొత్తేనని మేం పాఠం చెప్పేవాళ్లం. ఈ అంకెల ముందు ఆ మాట యథాతథంగా నిలబడదు. అయితే ఇంకో అంకె కూడా ఉంది. మొత్తం 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. ముస్లిం పిల్లలు 243 మంది. ఊరి బయట వాడల పిల్లలకు ఈ పట్టికలో విడిగా గడి కూడా లేదు. ఈ రెండు సంగతులనూ కలిపి చూడకపోతే చరిత్ర కాస్తా మనం వినాలనుకున్న కథ అయిపోతుంది.

ఇక బడి లోపలికి పోదాం. తెల్లవారి ఆరు గంటలకు బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయివారు 'సరస్వతి' అని రాస్తాడు, అది గౌరవం. రెండో వాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు. ఆ తరవాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి పెరుగుతుంది. చదవని వాడికి గుంజీళ్లు, లేదా చేతులు కట్టి తాడుతో పైకప్పుకు వేలాడదీయడం. మన తాతలు 'కోదండం' అని చెప్పింది ఇదే. మా తాత ఆ మాట అన్నప్పుడల్లా రెండు మణికట్లూ తడుముకునేవాడు. క్యాంబెల్ కాగితం చదివేదాకా ఆయన మమ్మల్ని నవ్వించడానికి అలా చేస్తున్నాడనే అనుకున్నాను.

అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు. ఆ తరవాత పలక. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్కను నునుపు చేసి, అన్నపు మెతుకులూ బొగ్గుపొడీ కలిపి పూసేవాళ్లు. లేదా కడితం. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురూ పట్టించింది. రాసేది బలపంతో, చెరిపేది తడిగుడ్డతో. గుణింతాలు వచ్చినాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు. తరవాత ఎక్కాలు, కూడికలు, తీసివేతలు, కొలతలు. భిన్నాల మీద అయివార్లు చాలా శ్రద్ధ పెడతారని, అవి పదుల లెక్కన కాక నాలుగుల లెక్కన దిగుతాయని ఆయన ప్రత్యేకంగా గమనించినాడు. పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాని. ఒకటిని నాలుగు, పదహారు, అరవై నాలుగు భాగాలు చేసుకుంటూ పోవడమన్నమాట. 'వీసమెత్తు' అని ఇప్పటికీ అంటాం, ఆ లెక్క మాత్రం మరిచిపోయినాం.

పెద్ద పిల్లలకు రకరకాల చేతిరాతల్లో ఉన్న పాత ఉత్తరాలు, కాగితాలు ఇచ్చి చదివించేవాళ్లు. ఉత్తరం రాయడం, ఒప్పంద పత్రం రాయడం నేర్పేవాళ్లు. రామాయణ భారత భాగవతాలు, పంచతంత్రం, భేతాళ పంచవింశతి ఉండేవి. లింగాయత పిల్లలకు బసవపురాణం, గిరిజాకల్యాణం, పనివారి పిల్లలకు విశ్వకర్మ పురాణం. ఇవన్నీ ఉన్న బడిని 'లెక్కలోకి రానిది' అని నేనెలా అనగలిగినానో నాకే తెలియదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కాస్త వచ్చిన పిల్లవాడు రాని పిల్లవాడికి చెప్పేవాడు, చెప్పడం వల్ల తనదీ గట్టిపడేది. తక్కువ ఖర్చుతో జరిగే ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని రాసినాడు. ఆ అనుకరణ సంగతి ఇది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపేవాడు. దగ్గర్లోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాస్తూ ఉండటం చూసి ఆ పద్ధతి తన ఆశ్రమంలో పెట్టినాడు. ఉపాధ్యాయులు చాలకపోతే పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించినాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం వేసినాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అది ఇంగ్లండులో వేల బడులకు పాకింది. అటువంటి పద్ధతినే నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ పేరు కూడా దీనితో కలిసి వినిపిస్తుంది. ఇసుకలో రాయడం మనవాళ్లకు కొత్త కాదు. 1623లో ఇటలీ యాత్రికుడు పియెట్రో డెల్లా వల్లే ఇక్కేరి ప్రాంతంలో పిల్లలు పాటగా పాడుకుంటూ ఇసుకలో లెక్కలు రాసుకోవడం చూసి రాసిపెట్టినాడు. క్యాంబెల్ నివేదికకు సరిగ్గా రెండు వందల ఏళ్ల ముందు మాట. చివరికి 'మానిటర్' అనే మాట ఇంగ్లీషు బట్టలు వేసుకుని మన తరగతిలోకి వచ్చింది. మనం దాన్ని వాళ్లు నేర్పిన క్రమశిక్షణ అనుకున్నాం.

అయితే క్యాంబెల్ పొగడ్తలతో ఆపలేదు. పిల్లలు కావ్యభాషలోని పద్యాలు అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తారని, అయివార్లకే చాలాసార్లు అర్థం తెలియదని, వాడుక భాషకూ పుస్తకాల భాషకూ దూరం ఎక్కువని విమర్శించినాడు. ఈ విమర్శను కొట్టిపారేయలేం. ఆ తరవాత ఎనభై తొంభై ఏళ్లకు గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు చెప్పిన సంగతుల్లో ఇదొకటి.

కాకపోతే అదే కొలబద్ద ఇంగ్లండు మీద కూడా పెట్టి చూడాలి. ఆ రోజుల్లో అక్కడి గ్రామర్ స్కూళ్లలో పిల్లలు చేసిందేమిటి? ఎవరి ఇంట్లోనూ మాట్లాడని లాటిన్, గ్రీకు వల్లించడం. లీడ్స్ పట్టణంలో ఒక గ్రామర్ స్కూలు వాళ్లు ఆధునిక భాషలు, లెక్కలు కూడా చెప్పాలనుకుంటే, ఆ నిధి ప్రాచీన భాషల కోసం ఇచ్చింది కాబట్టి కుదరదని 1805లో అక్కడి ప్రధాన న్యాయాధికారి తీర్పిచ్చినాడు. లాటిన్ వల్లిస్తే అది సంస్కారం, బసవపురాణం వల్లిస్తే అది గుడ్డి వల్లె ఎలా అవుతాయి? రెండూ ఒకే రకం జబ్బు, లేదా రెండూ ఒకే రకం విద్య. పాశ్చాత్య సంప్రదాయం పక్కన పెట్టి మన సంస్కృతిని చదవడంలో తప్పు లేదు. ఒక దాన్ని తక్కెడలో సరుకుగానూ, రెండో దాన్ని ఎప్పుడూ రాయిగానూ పెట్టడంలోనే తప్పుంది. రాయిని కూడా ఒకసారి తూచి చూడాలి కదా!

నివేదికలో నన్ను నిద్రపోనివ్వని భాగం చివర్లో ఉంది. బడులు ఎందుకు తగ్గుతున్నాయని ఆయన తనను తానే ప్రశ్నించుకున్నాడు. దేశం క్రమంగా పేదదైపోవడమే కారణమన్నాడు. ఇంగ్లండు బట్టలు వచ్చి ఇక్కడి నేతపనివారి బతుకు దెబ్బతిన్నదని, పాత దేశీయ ప్రభుత్వాల కింద ఇక్కడే ఖర్చయ్యే డబ్బు ఇప్పుడు దేశం దాటిపోతున్నదని రాసినాడు. పేదలు ఫీజు కట్టలేరు, పైగా పిల్లల లేత చేతులు పనికి వచ్చే వయసు రాగానే వాళ్ల కష్టం ఇంటికి కావలసి వస్తున్నదన్నాడు. ఉన్న 533 బడుల్లో ఒక్కదానికీ సర్కారు నుంచి పైసా సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని కూడా రాసినాడు. ఒక కంపెనీ కలెక్టరు తన కంపెనీ గురించి రాసిన మాట ఇది.

ఇక్కడ కూడా తక్కెడ రెండు వైపులా చూడాలి. ఇంగ్లండులో కూడా బడుల భవనాలకు ప్రభుత్వం మొదటిసారి డబ్బిచ్చింది 1833లో, అది కూడా ఇరవై వేల పౌండ్లే. 1823 నాటికి అక్కడా సర్కారు బడి లేదు. తేడా ఏమిటంటే, అక్కడ ధర్మనిధులు, చర్చిల ఆస్తులు అలాగే ఉన్నాయి. ఇక్కడ విద్యకు ఆధారమైన పాత దానాలు, మాన్యాలు చాలా మటుకు ఆగిపోయినాయి. చెట్టు రెండు చోట్లా సర్కారు నాటింది కాదు. ఒక చోట వేరుకు నీళ్లు అందుతూనే ఉన్నాయి, ఇంకో చోట ఊట బావి ఎండింది. ఎండిన బావి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మన్రో 1826 మార్చిలో అన్ని జిల్లాల లెక్కలూ కలిపి చూసినాడు. మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు, జనాభా 1,28,50,941. సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఇళ్లలో చదువుకునే వాళ్లను కూడా కలిపితే చదువుకునే మగపిల్లల వంతు ఈ లెక్కల కంటే చాలా ఎక్కువని, అది తన దేశం కంటే తక్కువే అయినా, చాలా యూరప్ దేశాల్లో కొద్దికాలం కిందటి దాకా ఉన్నదాని కంటే ఎక్కువేనని ఆయన అభిప్రాయపడినాడు. మన బళ్లారి జిల్లా లెక్క నేను వేసి చూసినాను. 1,740 మందికి ఒక బడి. సగటు కంటే చాలా తక్కువ. వాన తక్కువైన చోట బడి కూడా తక్కువే. ప్రతి జిల్లాలో, ప్రతి తహశీలులో సర్కారు బడులు పెట్టాలని మన్రో సూచించినాడు. 1827 జులైలో పత్తికొండలో కలరా సోకి చనిపోయినాడు. మొదట గుత్తిలో పాతిపెట్టినారు. ఆయన ప్రణాళిక ఆయనతోపాటే నీరసించిపోయింది. 1835లో మెకాలే, ఒక మంచి యూరప్ గ్రంథాలయంలోని ఒక అలమార అరకు తూర్పు దేశాల సాహిత్యమంతా సాటిరాదని తేల్చినాడు. ఆయనకు సంస్కృతమూ రాదు, అరబిక్కూ రాదు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. తెలుగు వ్యాకరణం రాసినవాడి నివేదిక దస్త్రంలో ఉండిపోయింది, ఏ భాషా రానివాడి తీర్పు పాఠ్యపుస్తకం అయింది.

1931లో గాంధీజీ లండనులో మాట్లాడుతూ, యాభై, వంద ఏళ్ల కిందటి కంటే భారతదేశంలో అక్షరాస్యత ఇప్పుడు తక్కువైందని అన్నారు. వేరు ఎలా ఉందో చూడటానికి మట్టి తవ్వి, అలాగే వదిలేస్తే అందమైన చెట్టు చచ్చిపోయినట్టయిందన్నారు. సర్ ఫిలిప్ హార్టాగ్ లేచి రుజువులు చూపమన్నాడు. ఆ వాదన ఏళ్లపాటు సాగింది. 1983లో ధరంపాల్ మద్రాసు కలెక్టర్ల ఈ నివేదికలన్నీ సేకరించి, గాంధీజీ మాటనే పేరుగా పెట్టి పుస్తకం వేసినారు. క్యాంబెల్ నివేదిక నాలాంటివాళ్ల చేతికి వచ్చింది అలాగే.

ఆ పుస్తకం చదివిన కొత్తలో నేను రెండో వైపు తూలినాను. మా కాలం స్వర్ణయుగం, దొరలు వచ్చి చెడగొట్టినారు అని రెండు మూడేళ్లు సభల్లో ఊగిపోయి చెప్పినాను. ఒకసారి ఒక సభ అయినాక వెనక వరుసలో ఉన్న ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "మీ లెక్కలో మావాళ్లు ఎందరున్నారు సారూ?" అన్నాడు. ఆయన ఏ వాడ మనిషో నాకు తెలుసు. పట్టికలో గడే లేదు కదా, ఏమని చెప్పేది? అరవై మంది ఆడపిల్లల అంకె కూడా ఆ రాత్రే మళ్లీ చూసినాను. ఆ పెద్దాయన మనవరాలు తరవాత మన బడిలోనే పదో తరగతి పాసయింది. 1823లో ఆ పిల్లకు ఏ అయివారూ అరచేతిలో సరస్వతి అని రాసి ఉండేవాడు కాదు. దొరల బడి, ఆ తరవాత స్వతంత్ర భారతపు సర్కారు బడి తలుపు తీసినందుకే ఆ పిల్ల లోపలికి రాగలిగింది. అందువల్ల మెకాలేను తిట్టి చేతులు దులుపుకోవడం నావల్ల కాలేదు.

రెండు సంప్రదాయాలు మర్యాదగా కలిసిన చోట ఏమవుతుందో చూపడానికి ఒక ఉదాహరణ క్యాంబెల్ వ్యాకరణంలోనే ఉంది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట లాంటి వ్యాసం రాసినాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదని అందులో ధాతువులతో సహా చూపించినాడు. కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి నలభై ఏళ్ల ముందు ముచ్చట. ఎల్లిస్‌కు ఆ జ్ఞానం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మామిడి వెంకయ్య రాసిన ఆంధ్రదీపిక, మద్రాసు కాలేజీలో పట్టాభిరామశాస్త్రి సిద్ధం చేసిన ధాతువుల పట్టిక ఆధారం. తత్సమం, తద్భవం, దేశ్యం అని మన వైయాకరణులు ఏనాడో చేసిన విభజనకు, భాషలను పక్కపక్కన పెట్టి పోల్చే యూరప్ పద్ధతి తోడయింది. ఒకటి లేకుండా రెండోది ఆ నిర్ణయానికి వచ్చేది కాదు.

ఇప్పుడు మిత్రులకు ఒక పని అప్పజెప్పి ముగిస్తాను. 1823లో లెక్కపెట్టిన ఆ 533 బడుల్లో మన చుట్టుపక్కల ఊళ్లవి ఎన్నో నివేదిక చెప్పదు. అది మన ఇళ్లే చెప్పాలి. అటక మీద మూటల్లో కడితాలు, తాటాకులు, పాత లెక్కల పుస్తకాలు, బలపం గీతలు పడిన చెక్కపలకలు ఉండవచ్చు. ఉంటే పారేయకండి, చిత్తుకాగితాలవాడికి వేయకండి. ఫోటో తీసి సంఘానికి పంపండి. తొంభై దాటిన అవ్వతాతలు ఉంటే కూర్చోబెట్టి అడగండి. మీ నాయన ఎక్కడ చదివినాడు, అయివారికి ఏమిచ్చేవాళ్లు, ఎవరిని లోపలికి రానిచ్చేవాళ్లు, ఎవరు గోడ బయట నిలబడి విన్నారు? ఆ ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇంకో సంగతి. సెనక్కాయలు పీకే కాలం వచ్చిందంటే మన తరగతిలో సగం బల్లలు ఖాళీ అయ్యేవి. మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ ఖాళీ బల్లల గురించి ఒక దొర 1823లోనే రాసిపెట్టినాడు. మన సీమలో వలస పోయే కుటుంబాల పిల్లలకు ఇప్పటికీ ఆ బల్లలు ఖాళీగానే ఉంటున్నాయి. స్వర్ణోత్సవ నిధిలో మిగిలే డబ్బుతో ఏం చేద్దామని కమిటీ ఆలోచిస్తున్నదట. సుగ్గి నెలల్లో ఆ పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు ఒక వసతి ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా మనవి.

తొమ్మిదో తరగతిలో లేచి అడిగిన అబ్బాయీ, బడులు ఉండేవి. మంచివే. అందరికీ కావు.